చివరి వరుసలో పెదాల పాట

ఇప్పుడు ఏ సభ జరిగినా పెన్‌డ్రైవ్ పెట్టి మీట నొక్కితే పాట దానంతటదే వస్తుంది. వేదిక మీద పెద్దమనుషులు కనీసం వింటున్నట్టు నటించను కూడా నటించరు, ఫోన్లు చూసుకుంటారు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఈ సౌకర్యం లేదు. బూర్గంపాడు చుట్టుపక్కల నీళ్ల ట్యాంకు మొదలుపెట్టాలన్నా, పోలియో చుక్కలు వేయాలన్నా, బ్యాంకు వాళ్లు పాత గదిలోంచి కొత్త గదిలోకి మారాలన్నా ముందు మనుషులు నిలబడి పాడాలి. పాట అయితేగాని రిబ్బను కత్తిరించేవారు కాదు. ఎంతటి అధికారి అయినా కత్తెర చేతిలో పట్టుకుని మా నాలుగో చరణం దాకా ఎండలో ఆగవలసిందే. (ఆ నాలుగో చరణం అవసరమేమిటో మాకూ తెలియదు. మొదటి మూడింట్లో చెప్పిందే అందులోనూ ఉండేది.) అట్లా పాడిన వాళ్లలో నేనూ ఒకదాన్ని. అయితే పాడడం అనే మాటను నా విషయంలో కాస్త దయతో అర్థం చేసుకోవాలి.

మా బృందగానం జట్టును పెట్టింది సంగీతం తెలిసినవాళ్లెవరో అనుకునేరు. మా కాంపౌండులోనే ఉన్న హైస్కూలు డ్రిల్లు మాస్టారు పెట్టారు. ఎర్ర తాడుకు కట్టిన ఈల ఎప్పుడూ మెడలో ఉండేది కనుక పిల్లలు, పిల్లల్ని చూసి మేమూ, ఆయన్ని ఈల సారు అనేవాళ్లం. ఒకసారి ఎవరో పెద్ద అధికారి వస్తున్నారని, స్వాగతం పాట ఏర్పాటు చేయమని పై నుంచి మాట వచ్చిందట. సంగీతం టీచరు పోస్టు ఖాళీగా ఉండడంతో ఆ పని డ్రిల్లు మాస్టారి మీద పడింది. ఆయన తనకు తెలిసిన పద్ధతిలోనే చేశారు. మనుషుల్ని ఎత్తు ప్రకారం ఏరి, పొట్టివాళ్లు ముందు, పొడుగువాళ్లు వెనక, మూడు వరుసలుగా నిలబెట్టి, సావధాన్ అని, ఈల వేసి పాట మొదలుపెట్టించారు. ఆయనకు సరిగమల్లో స ఒక్కటే తెలుసు, అదీ సావధాన్‌లో ఉంది కాబట్టి. ఆ అధికారి పాట గురించి ఏమీ అనలేదు గాని, లైన్లు చాలా నీటుగా ఉన్నాయని మెచ్చుకుని వెళ్లిపోయారట. ఆ ఒక్క మాటతో జట్టు నిలబడిపోయింది. మండలంలో జరిగే ప్రతి పనికీ మమ్మల్ని పిలవడం మొదలైంది. ఇంట్లో పుట్టిన రోజుకు కూడా పిలిచినవాళ్లున్నారు. జనం కూడా పాట బాగుందా అని అడిగేవాళ్లు కాదు, ఈ రోజు లైను ఎట్లా ఉంది అని చూసేవాళ్లు. స్కూలు ముందు టీ కొట్టు ఆయన ఒక కన్ను మూసి మా వరుసను ఈ చివర నుంచి ఆ చివరకు చూసి, తల ఊపితేగాని ఈల సారుకు ఆ రోజు టీ సహించేది కాదు.

నేను పక్కనే ప్రైమరీ స్కూలులో కొత్తగా చేరిన టీచరును. మా వంశంలో అందరం పొడుగు. చేరిన వారంలోనే ఈల సారు వచ్చి నన్ను స్టాఫు రూము తలుపుకు ఆనించి నిలబెట్టి, పై నుంచి కిందికి చూసి, చివరి వరుసలో కుడి చివర నాదేనని చెప్పి వెళ్లిపోయారు. నా గొంతు సంగతి అడగలేదు. అడగనిదే చెప్పడం బాగుండదని నేనూ ఊరుకున్నాను. మొదటి ప్రాక్టీసులో మొదటి లైను కాగానే ఈల మోగింది. రెండోసారి పాడించారు, మళ్లీ ఈల. తర్వాత ఒక్కొక్కరి చేతా విడిగా పాడించుకుంటూ వచ్చి నా దగ్గర ఆగి, చాలాసేపు నేల వైపు చూశారు. నన్ను తీసేస్తే కుడి చివర ఖాళీ అవుతుంది. ఆ ఖాళీలో పెట్టడానికి నా అంత ఎత్తు మనిషి ఆ కాంపౌండులో ఇంకొకరు లేరు. చివరకు ఆయన గొంతు తగ్గించి చెప్పారు.

"మేడం, మీరు నిలబడుండ్రి. పెదాలు కదపుండ్రి. గొంతు మాత్రం బయటికి రానియ్యకుండ్రి."

మనిషికి ఒక పని అప్పజెప్తే అందులో పైకి రావాలని ఉంటుంది కదా. నేను అద్దం ముందు కూర్చుని నేర్చుకున్నాను. ఎక్కడ నోరు పూర్తిగా తెరవాలో, ఎక్కడ కళ్లు సగం మూయాలో, ఊపిరి తీసుకున్నట్టు భుజాలు ఎక్కడ లేపాలో అన్నీ సాధించాను. నిజానికి మా జట్టులో పాట అంటూ ఉంటే అది మొదటి వరుసలో ఉండే అంగన్‌వాడీ అక్కది. చిన్న మనిషి, గొంతు మాత్రం బావినీళ్లంత చల్లగా ఉండేది. మిగతావాళ్లు ఆమె వెనకాల పడి పోయేవాళ్లు. కానీ సభ అయ్యాక వచ్చినవాళ్లు నన్ను వెతుక్కుంటూ వచ్చి, ఎంత లీనమై పాడతారండీ మీరు అనేవాళ్లు. పుష్కరాలప్పుడు భద్రాచలంలో గోదావరి ఒడ్డున పాడినప్పుడైతే స్నానం చేసి వచ్చిన ఒక పెద్దావిడ నా చేయి పట్టుకుని కళ్లనీళ్లు పెట్టుకుంది. పక్కనే ఉన్న అంగన్‌వాడీ అక్క నా వైపు ఒక చూపు చూసింది. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఇంతవరకే అయితే నాకు ఏ చిక్కూ లేదు. చిక్కల్లా తల్లాడలో ఉంది, మా అమ్మ రూపంలో. నేను నాలుగో తరగతి చదివేటప్పుడు మా ఎదురింటి పంతులమ్మ ఒక రోజు ప్రార్థన మధ్యలో నన్ను వరుసలోంచి బయటికి తీసి, నువ్వు పాడకు, పోయి గంట కొట్టు అంది. నాకు గంట కొట్టడం చాలా నచ్చింది, ఆ ఏడాదంతా సంతోషంగా కొట్టాను. మా అమ్మకు మాత్రం అది ప్రాణం మీదికి వచ్చినట్టయింది. నా బిడ్డను పాటలోంచి ఎల్లగొట్టింది అని వీధిలో కనపడ్డ వాళ్లందరికీ చెప్పుకుంది. వాళ్లిద్దరూ ఆ తర్వాత కూడా ఎప్పటిలాగే కరివేపాకు ఇచ్చిపుచ్చుకునేవాళ్లు, జ్వరమొస్తే ఒకరికొకరు జావ కాచి తెచ్చుకునేవాళ్లు. ఈ ఒక్క సంగతి మాత్రం ఇద్దరి మధ్యా అట్లాగే నిలిచిపోయింది. అమ్మ దాన్ని ఆమె ముందు ఎత్తదు, వదిలిపెట్టదు. నేను బృందగానంలో చేరానని ఫోనులో చెప్పేసరికి ఆమె లేచి కిటికీ తలుపులు తెరిచిన చప్పుడు వినపడింది. తర్వాత ఎదురింటి దాకా వినపడేంత గట్టిగా, అవ్ అవ్, పాటల జట్టులనే, పెద్ద పెద్ద సభలల్ల పాడుతున్నదట అని నాకు చెప్పింది. (నా సంగతి నాకే.) నేను దాచలేదు. అమ్మా, నేను పాడను, పెదాలు కదుపుతాను అంతే అని ఉన్నదున్నట్టు చెప్పాను. మా అమ్మ దాన్ని ఒక్క మాటతో తీసిపారేసింది.

"పెదాలు కదిలినంక పాట రాకుండ ఎటు పోతది బిడ్డా?"

అట్లా ఉండగా మా జట్టు పేరు రేడియో వాళ్ల దాకా పోయింది. పుష్కరాలైన మరుసటేడు, వానలు మొదలైన రోజుల్లో ఒకాయన భుజానికి తోలుసంచి తగిలించుకుని మా ప్రాక్టీసుకు వచ్చి, జిల్లాలో బృందగానాల మీద కార్యక్రమం చేస్తున్నాం, మీ పాట రికార్డు చేసుకుంటాం అన్నారు. జట్టంతా గాలిలో తేలిపోయింది, ఇద్దరం తప్ప. ఈల సారు రేడియో ఆయన్ని పక్కకు తీసుకెళ్లి, రేడియోలో మా వరుస ఎట్లా తెలుస్తుందండీ అని నిజంగానే అడిగారు. తెలియదు సార్ అని ఆయన కూడా నిజంగానే చెప్పారు. కావాలంటే మూడు వరుసల్లో నిలబడి పాడుతున్నారని ముందు ఒక ముక్క చదివిస్తామన్నారు. ఈల సారు ముఖంలో అదేమంత వెలుగు తేలేదు. ఏళ్ల తరబడి ఆయన నిలబెట్టింది వరుసలను, నేను నేర్చుకున్నది పెదాల కదలికను. రేడియో అనే ఆ చిన్న పెట్టె మా ఇద్దరి విద్యనూ ఒకే దెబ్బకు పనికిరాకుండా చేసింది.

ఆయన బాధ ఆయనది. నాకు తల్లాడ కళ్ల ముందు కనపడుతోంది. ఈ సంగతి అమ్మకు చెప్పకుండా ఉందామనుకున్నాను, కానీ మా జట్టులో ఒకామె చుట్టాలు తల్లాడలో ఉన్నారు, నాకంటే ముందే కబురు పోయింది. నేను ఫోను చేసేసరికి ఏర్పాట్లు కూడా అయిపోయాయి. రేడియోకు కొత్త సెల్లులు తెచ్చింది. పాట వచ్చే ఆదివారం పంతులమ్మను మన ఇంట్లోనే కూర్చోబెడతాననీ, పక్కన కూర్చోబెట్టుకుని వినిపిస్తాననీ చెప్పింది. ఇన్నేళ్ల లెక్క ఆ ఒక్క పాటతో తేలిపోవాలని ఆమె ఉద్దేశం. పంతులమ్మ ముందు అమ్మ రేడియో పెట్టి, చెవి రిక్కించి, నా గొంతు కోసం పాటంతా వెతికి, ఎక్కడా దొరక్క లేచి వంటింట్లోకి పోవడం నేను ఊహించుకున్నాను. మర్నాడు ఈల సారు దగ్గరకు వెళ్లి, ఒక్క లైనైనా మెల్లగా పాడతాను సార్, మా అమ్మ వింటుంది అని అడిగాను. ఆయన మనసు లేనివారు కాదు, చాలాసేపు ఈల తాడు వేలికి చుట్టుకుంటూ ఆలోచించారు. చివరికి, మేడం, రేడియో ఆయన మైకు చీమ నడిచినా పట్టుకుంటదట అని మాత్రం అన్నారు.

స్కూల్లో రికార్డు చేస్తే ఆటోల హారన్లూ, పిల్లల అల్లరీ పడతాయని రేడియో ఆయన అభ్యంతరం చెప్పారు. ఆ వారమే లోపల అడవి వైపు ఒక పల్లెలో మొక్కలు నాటే కార్యక్రమం ఉండడంతో అక్కడే పాడేసి అక్కడే రికార్డు చేయాలని తేల్చారు. ట్రాక్టరు ట్రాలీలో వెళ్లాం. ట్రాలీలో కూడా ఈల సారు మమ్మల్ని మూడు వరుసలుగానే నిలబెట్టారు, గుంతల్లో పడ్డప్పుడల్లా మొత్తం జట్టు ఒకేసారి ఒకే పక్కకు వాలి, ఒకేసారి లేచేది. దారి పొడుగునా చెట్లే, ఆకుల మీంచి నీళ్లు మా నెత్తిన కారుతూనే ఉన్నాయి. ఇంత అడవి మధ్యలోకి వెళ్లి మేం పాడబోయే పాట అడవిని పెంచమని. ఈల సారు స్వయంగా రాసి, కవాతు తాళానికి కట్టిన పాట అది.

"మొక్కను నాటుదమా, అడవిని నిలుపుదమా, చల్లని నీడల కింద అందరమూ నిలుచుదమా" అని మొదలవుతుంది. (నిలుచుదమా అన్న చోట కాళ్లు దగ్గరికి చేర్చి మడమలు చప్పుడు చేయాలి.) మేం దిగి సర్దుకుంటుండగా ఆ ఊరి పెద్దాయన ఒకరు అంగన్‌వాడీ అక్కను పాట దేని గురించని అడిగి తెలుసుకుని, చుట్టూ ఉన్న చెట్లను ఒకసారి చూసి, మేం నరకలేదు గదా అన్నారు. మాతో వచ్చిన అధికారి మబ్బుల వైపు చూస్తూ వాన వచ్చేట్టుంది, కానియ్యండి అన్నారు.

ఊరంతా వచ్చింది. మగవాళ్లు ఒక పక్క కూర్చున్నారు. ఆడవాళ్లు మాత్రం కూర్చోకుండా మా చివరి వరుసకు ఆనుకుని, ఒకరి నడుము చుట్టూ ఒకరు చేతులు వేసుకుని నిలబడ్డారు. నా కుడి పక్కన ఒక అవ్వ, మెడనిండా పూసల దండలు, తలలో అడవిపూలు. వాళ్లు తమలో తాము వాళ్ల భాషలో మాట్లాడుకుంటున్నారు, మాతో తెలుగులో. రేడియో ఆయన మైకును కర్రకు కట్టి ముందు నిలబెట్టి, చెవులకు యంత్రం తగిలించుకుని చేయి ఊపారు. ఈల సారు సావధాన్ అన్నారు, ఈల వేశారు. మేం మొదటి లైను పాడాం. నేను నా పద్ధతిలో. లైను అయి ఊపిరి తీసుకునేలోగా వెనక నుంచి ఆడవాళ్లు అదే లైనును అందుకుని మాకు తిరిగి పాడారు.

ఈల మోగింది. ఈల సారు మా తలల మీదుగా చూస్తూ, అమ్మా, మేం పాడతాం, మీరు వినాలె, మధ్యల పాడొద్దు అని ఎంతో మర్యాదగా చెప్పారు. ఆడవాళ్లు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. నా పక్కనున్న అవ్వకు ఈ మాట బొత్తిగా బోధపడలేదు.

"గదేంది సారూ, పాట ఇచ్చినోళ్లను ఊకె చూస్కుంట నిలబడుడేంది? ఇచ్చిన లైను తిరిగి ఇయ్యాలె గదా. ఇయ్యకుంటే పాడినోళ్లకు అవమానం గాదా?"

ఆ ఊళ్లో వాడుక అదట. ఒకరు ఒక లైను పాడితే విన్నవాళ్లు దాన్ని తిరిగి పాడి అప్పజెప్పాలి. పాడినవాళ్లు ఆపేదాకా వీళ్లు ఆపకూడదు. కూర్చుని విని చప్పట్లు కొట్టి ఇంటికి పోవడం అంటే, పెళ్లికి పోయి అన్నం ముట్టకుండా రావడం లాంటిది. ఇది మాకు తెలియదు. మాలో నియమమేమో ఈల సారు ఈల వేసేదాకా పాట ఆపకూడదని. ఇది వాళ్లకు తెలియదు. రెండోసారి మొదలుపెట్టినప్పుడు, పాపం, సారు చెప్పారని ఆడవాళ్లు పెదాలు బిగించుకుని రెండు లైన్లు ఓర్చుకున్నారు. మూడో లైనుకు వాళ్ల వల్ల కాలేదు. అక్కణ్నుంచి మేం ఒక లైను, వాళ్లు ఒక లైను. ఆపమందామని ఈల సారు ముఖం రేడియో ఆయన వైపు తిప్పితే, ఆయన కళ్లు మూసుకుని, కానియ్యండి కానియ్యండి అని చేయి తిప్పుతున్నారు.

సరిగ్గా అప్పుడే అవ్వ చూపు నా నోటి మీద పడింది. అంత దగ్గర నుంచి నన్ను ఎవరూ ఎప్పుడూ చూడలేదు. నోరు తెరుచుకుంటోంది, మూసుకుంటోంది, చప్పుడు లేదు. అవ్వ చెవి నా నోటి దాకా తెచ్చి విన్నది. ఆమె ముఖంలో నాకు ఎగతాళి ఏమీ కనపడలేదు, జబ్బు మనిషిని చూసినట్టు చూసింది.

"గొంతు పడిపోయిందా బిడ్డా? ఏం గాదు. నా ఎంబడి అను."

అంటూనే నా నడుము చుట్టూ చేయి వేసి దగ్గరికి లాక్కుంది. ఆడవాళ్లు అప్పటికే ఊగుతున్నారు, రెండడుగులు ముందుకు, ఒకడుగు పక్కకు. నేను కూడా వాళ్లతో కదిలాను. నాతోపాటు నా ఎడమ పక్కనున్న లెక్కల టీచరు, ఆమె పక్కనామె, ఒకరి తర్వాత ఒకరు కదిలారు. అవ్వ నా చెవిలో లైను పాడి ఆగింది, నేను ఇస్తానని ఎదురుచూస్తూ. ఆమెకు ఇవ్వకుండా ఎట్లా ఉండను? నోరు తెరిచాను. ఈసారి గొంతు కూడా వచ్చింది. అది ఎట్లా ఉందంటే అట్లాగే ఉంది, నాలుగో తరగతిలో ఎట్లా ఉందో అట్లా. అందరికంటే అర అడుగు వెనక, అందరికంటే పైన. అయినా చుట్టూ ఉన్నవాళ్లలో ఒక్కరూ ముఖం చిట్లించలేదు. లైను ఇచ్చానా లేదా అన్నదే వాళ్లకు కావాల్సింది. నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. ఉద్యోగం వచ్చిన రోజు కూడా నాకు అంత సంతోషం వేయలేదు.

ముందు నిలబడ్డ ఈల సారుకు కనపడిందేమిటో నేను తర్వాత ఊహించుకున్నాను. ఏళ్లుగా ఆయన తీర్చిదిద్దిన చివరి వరుస కుడి వైపు నుంచి వంగడం మొదలై, అరచందమామలా తిరిగి, రెండో వరుసను కూడా కలుపుకుని ఆయన చుట్టూ వస్తోంది. ఆయన ఈల వేశారు. మాకు అది ఆపమని సంకేతం. కానీ ఈలను కూడా పాటలో భాగమనుకున్న ఆడవాళ్లు, ఇచ్చింది తిరిగి ఇవ్వాలి కనుక, నోటితోనే అంతకంటే పొడుగైన ఈల తిరిగి వేశారు. ఈల సారు ఇంకా గట్టిగా వేశారు. ఇంకా గట్టిగా తిరిగొచ్చింది. మేం ఆపుదామంటే ఏది మా సారు ఈలో, ఏది వాళ్ల ఈలో తెలియక నాలుగో చరణం అయిపోయి మళ్లీ మొదటి చరణానికి వచ్చాం. మగవాళ్లు లేచి డోలు తెచ్చారు. అధికారి చేతిలో మొక్క అట్లాగే ఉంది, ఆయన కాలు మాత్రం తాళం వేస్తోంది. ఇక ఏ దారీ లేక ఈల సారు, మైకు ఉన్న సంగతి కూడా మరిచిపోయి, తన ముప్ఫై ఏళ్ల సర్వీసులో ఎన్నడూ వమ్ముకాని మాటను ప్రాణం పెట్టి అరిచారు.

"విశ్రామ్!"

జట్టు టక్కున ఆగింది. ఊరంతా ఒక్క గొంతుతో "విశ్రామ్" అని తిరిగి ఇచ్చి, అదీ ఆగింది. అవ్వ నా నడుము మీంచి చేయి తీసి, చూసినవా, గొంతు వచ్చింది అన్నట్టు తల ఊపి, ఎండబెట్టిన ఇప్పపూలు అమ్మబోయే వేళయిందని వెళ్లిపోయింది.

తిరుగు ప్రయాణంలో ఈల సారు మమ్మల్ని వరుసలో నిలబెట్టలేదు. ఆయన ఒక మూల కూర్చుని, లైను వంకరపోయింది అని తనలో తాను అనుకుంటూ వచ్చారు. రేడియో ఆయన మాత్రం మంచి సరుకు దొరికింది, కావల్సినంత కత్తిరించుకుంటా అన్నారు. నాకు కొత్త భయం పట్టుకుంది. అంతకుముందు నా గొంతు వినపడదేమోనని భయం, ఇప్పుడు వినపడుతుందేమోనని. పంతులమ్మ ముందు అమ్మ పరువు నిలబడాలంటే ఈ రెండింట్లో ఏది జరగాలో నాకే తెలియలేదు. కత్తిరించేటప్పుడు ఆయన చేయి ఎక్కడ పడితే మంచిదో కూడా తేల్చుకోలేక, దేవుడికి ఏమని మొక్కుకోవాలో తెలియక ఊరుకున్నాను.

ఆ ఆదివారం కొత్తగూడెంలో బస్సు మారి తల్లాడ చేరేసరికి అమ్మ పట్టుచీర కట్టుకుని ఉంది. రేడియోను స్టూలు మీద పెట్టి, కింద కుట్టుపని చేసిన గుడ్డ పరిచింది. పంతులమ్మ వచ్చి కుర్చీలో కూర్చుంది. రిటైరైనా ఆమె కూర్చునే తీరు మాత్రం మారలేదు, ఎదురుగా ఉన్న రేడియో కూడా కాస్త నిటారుగా నిలబడ్డట్టు అనిపించింది. నేను తలుపు చాటున నిలబడ్డాను. ఎరువుల మోతాదు గురించి ఎవరో చెప్పడం అయ్యాక, మూడు వరుసల్లో నిలబడి పాడే జట్టు అని ఒక ముక్క చదివారు, పాట వచ్చింది. మొదట అంగన్‌వాడీ అక్క గొంతు తేటగా, ఆమె వెనక మా జట్టు. తర్వాత ఆడవాళ్ల గొంతులు ఒక్కసారిగా, అడవిలో వాన వచ్చినట్టు. ఆ వాన మధ్యలో, అందరి కంటే అర అడుగు వెనక, అందరి కంటే పైన, ఒక్క గొంతు. దాచడానికి వీల్లేదు, వదులుకోవడానికీ వీల్లేదు.

"గదే, గదే నా బిడ్డ," అంది అమ్మ, రేడియో వైపు వేలు చూపిస్తూ.

ఈలలు అయ్యాయి, విశ్రామ్ అయింది, ఊరి విశ్రామ్ కూడా అయింది, ఎవరో పత్తిలో పురుగు గురించి మొదలుపెట్టారు. అమ్మ రేడియో కట్టేసి పంతులమ్మ వైపు తిరిగి కూర్చుంది. ఇన్నేళ్లుగా ఎదురుచూసిన మాట కోసం ఆమె ముఖం ఎంత ఆత్రంగా ఉందో చూసి నేను తలుపు చాటుకు ఇంకాస్త జరిగాను. పంతులమ్మ అబద్ధం చెప్పే మనిషి కాదు, చెప్పడం చేతకాదు కూడా. నిమ్మళంగా కళ్లద్దాలు తుడుచుకుంది.

"అవ్, నీ బిడ్డ గొంతే. అప్పటికీ ఇప్పటికీ ఏం మారలే," అని, కళ్లద్దాలు పెట్టుకుని, "మరి ఆ ఎనుక గంతమంది పాడిండ్రు, వాళ్లెవరు?" అని అడిగింది.

నేను చెప్పడానికి నోరు తెరిచాను గాని, అమ్మ నాకంటే ముందుంది. "నా బిడ్డ పాడుతుంటే ఊకె చూస్కుంట నిలబడతరా మరి?" అంది. అవ్వను మా అమ్మ ఎన్నడూ చూడలేదు, ఆమె అన్న మాట నేను అమ్మకు చెప్పలేదు. పంతులమ్మ వెళ్లేటప్పుడు అమ్మ కరివేపాకు కొమ్మ విరిచి చేతికిచ్చింది, ఈసారి ఆమె అడగకుండానే. గంట సంగతి ఆ తర్వాత మా ఇంట్లో వినపడలేదు.

సోమవారం స్కూలుకు వెళ్తే ఈల సారు గేటు దగ్గరే ఎదురుచూస్తున్నారు. ఇంటిల్లిపాదీ విన్నారట, చుట్టాలు కూడా ఫోను చేశారట. ముఖం విప్పారి ఉంది. మేడం, లైను వంకరపోయింది గాని రేడియోల కనపడలే అన్నారు. నాలుగడుగులు వేసి, వెనక్కి తిరిగి, మీ గొంతు మాత్రం దాగలే అని కూడా అన్నారు. కోపమైతే లేదు. ఆ రోజు ప్రాక్టీసులో మళ్లీ పెదాలే కదపమన్నారు, నేనూ కదిపాను. రేడియో ఒకసారి వచ్చింది గాని రిబ్బన్లు వారంవారం ఉండేవి కదా.

తర్వాత కొన్నేళ్లకు ఆయన రిటైరయ్యారు, మేం ఒక్కొక్కరం ఒక్కో చోటికి బదిలీ అయ్యాం, సభలకు పెద్ద స్పీకర్లు వచ్చాయి, జట్టు దానంతటదే పోయింది. నేను చండ్రుగొండలో హెడ్ మిస్ట్రెస్‌ని. ప్రార్థనలో ఎవరి గొంతు బాగా లేదని ఎవర్నీ గంట కొట్టమని పంపను. (మా స్కూల్లో గంట కరెంటుది, పంపినా చేసే పని లేదు.) అమ్మ నా దగ్గరే ఉంటుంది. ఎవరొచ్చినా టీ ఇచ్చి, నా బిడ్డ రేడియోల పాడింది అని మొదలుపెడుతుంది. మొదట్లో నా వెనక పాడింది ఒక ఊరు. తర్వాత మండలమంతా పాడింది. మొన్న వచ్చిన గ్యాసు ఆయనకు చెప్పినప్పుడు పుష్కరాల జనమంతా గోదావరి ఒడ్డున నిలబడి నా వెంట పాడారు. ఆ కథ నాకు కంఠతా వచ్చు, ఎక్కడ ఆగుతుందో, ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో అన్నీ తెలుసు. తలుపుకు ఆనుకుని పొడుగ్గా నిలబడ్డ ఆ కొత్త టీచరమ్మను తలచుకుని నవ్వుకుంటూ, అమ్మ చెబుతున్నంతసేపూ పక్కనే కూర్చుని నేను పెదాలు కదుపుతుంటాను.